వెనక అద్దానికి ఏ రంగు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఇంట్లో ఉప్పునీళ్ళ చేపల తొట్టి పెట్టి చూసి ఉండడు. చూసి ఉంటే ఆ రెండిటినీ వదిలేసి దీని గురించే చెప్పేవాడు. పెరినా ఇంట్లోకి ఆ తొట్టి ఈస్టర్ ముందు దిగింది. వేసవంతా గడిచి ద్రాక్ష కోతలు దగ్గరపడుతున్నా అందులో చుక్క నీరు పడలేదు. మంచమంత పొడుగున్న గాజుపెట్టె, ఇనప స్టాండు మీద, హాలు నడిమధ్య, వచ్చేపోయేవాళ్ళ మోచేతులకి తగులుతూ ఉంది. కారణం ఏమిటయ్యా అంటే, దాని వెనక అద్దానికి ఏ రంగు వెయ్యాలో ఇంటాయన తేల్చుకోలేకపోతున్నాడు.

ఇంటాయన పేరు బర్తుల్. ముప్ఫయ్యేళ్ళు సరుకు ఓడల్లో ఇంజన్లు నడిపి, చీఫ్ ఇంజనీరై, రెండేళ్ళ కిందట పని మానేసి ఇంటికొచ్చేశాడు. వచ్చేశాడని మా ఊరంతా అంటుంది. పెరినా మాత్రం అనదు. మనిషి వచ్చాడు, కాదనడానికి లేదు. పెట్టింది తింటాడు, చెప్పిన పని చేస్తాడు, వైన్‌లో నీళ్ళు కలుపుకుని మర్యాదగా తాగుతాడు. కానీ బస్సు కోసం కూర్చున్నవాడిలా కుర్చీ అంచునే కూర్చుంటాడు. సూట్‌కేసు అటకెక్కలేదు, ఇంకా మంచం కిందే ఉంది. ఊడ్చేటప్పుడల్లా చీపురు దానికి తగులుతుంది, తగిలినప్పుడల్లా పెరినా దాన్ని ఇంకాస్త లోపలికి నెడుతుంది.

ముప్ఫయ్యేళ్ళు సముద్రం ఆవిడకి సవతి. పెళ్ళైన వారానికే మొగుణ్ణి లాక్కుపోయింది, బిడ్డ పుట్టినప్పుడు పంపలేదు, ఆ బిడ్డకి పెళ్ళైనప్పుడూ పంపలేదు. ఇప్పుడు వయసు మళ్ళిన మనిషిని తిరిగిచ్చినట్టే ఇచ్చి, మనసు మాత్రం తన దగ్గరే అట్టే పెట్టుకుంది. రోజూ సాయంత్రం బర్తుల్ రేవు చివరిదాకా నడిచి వెళ్ళి, అక్కడ రాతిమీద చీకటిపడేదాకా కూర్చుంటాడు. అది చూసి చూసి, గెలవలేని సవతిని ఇంట్లోనే తెచ్చిపెట్టుకుంటే పోలా అనుకుంది పెరినా. తొట్టి ఆలోచన ఆవిడదే. పగడాలు, రంగురంగుల చేపలు, ఉప్పునీళ్ళు. నాలుగు అద్దాల మధ్య ఉన్న సముద్రం మనిషిని ఎక్కడికీ తీసుకుపోలేదు కదా.

తొట్టి అమ్మిన వింకో స్ప్లిట్ పట్నంలో కొట్టు నడుపుతాడు. మాట పదునైనా మనిషి మంచివాడు. దింపేరోజే చెప్పాడు.

"చూడండి బర్తుల్ గారూ, నీళ్ళు, రాళ్ళు పడ్డాక ఇది అరటన్ను బరువు. ఒకసారి గోడకి ఆనించామా, మీ తాతగారు సమాధిలోంచి లేచొచ్చినా వెనక్కి లాగలేరు. అందుకని వెనక రంగు ముందే వేసెయ్యాలి. నలుపైతే పగడాల రంగులు బాగా ఎత్తి చూపిస్తుంది. నీలమైతే లోతు కనిపిస్తుంది. ఫొటో అంటించుకునేవాళ్ళూ ఉన్నారు. స్టూడియోలో కూర్చోబెట్టినట్టుంటాయి చేపలు, మీ ఇష్టం."

"ఏమీ వెయ్యకపోతే?" అని అడిగింది పెరినా.

"వెయ్యకపోతే వెనక ఏముంటే అదే కనపడుతుందమ్మా, గోడైతే గోడ, గదైతే గది. ఇంకో బాధ కూడా ఉంది. లోపల అద్దానికి గులాబీరంగు పెచ్చు కడుతుంది, సున్నంలాగా గట్టిగా. వెనక నలుపో నీలమో ఉంటే దాన్ని అలా వదిలేస్తాం. ఉట్టి అద్దమైతే వారం వారం గీకుతూనే ఉండాలి. ఆరు నెలలు ఇంట్లో మనిషి లేకపోతే అక్కడ పెచ్చుతో గోడ లేచిపోతుంది. ఆ చాకిరీ ఎవడు చేస్తాడు?"

సరే, నలుపుతో మొదలుపెట్టారు. నల్లట్ట ఒకటి తెచ్చి వెనక ఆనిస్తే బర్తుల్ చూసి, "ఓడ అడుగు గదిలా ఉంది" అని తీసేశాడు. తరువాత ఫొటో. పెద్ద కాగితం చుట్ట, దాన్నిండా పగడాలూ చేపలూ. దాన్నీ రెండురోజులు చూసి, "ఈ చేప నవ్వుతోందే. నాకు బాగాలేదు" అని చుట్టేశాడు. ఇక నీలం మొదలైంది. రంగు డబ్బాలు చిన్నవీ పెద్దవీ తెచ్చి, అట్టముక్కల మీద పూసి, వంటింటి గోడకి వరసగా ఆనించాడు. పొద్దున ఒకటి నచ్చేది, సాయంత్రానికి నచ్చేది కాదు. ఒకరోజు ఆ అట్టల ముందు నిలబడి, "సముద్రం ఏ నీలంలో ఉంటుంది పెరినా?" అని అడిగాడు.

"నన్నడుగుతున్నావా? ముప్ఫయ్యేళ్ళు దాని మీద బతికింది నువ్వా, నేనా?"

వేళాకోళం ఆడుతున్నాడనుకుని పెరినా కూరాకు తరగడంలో పడిపోయింది.

పక్కింటి యేలా రోజూ కాఫీకి వస్తుంది. మొగుడు పోయి చాలాకాలమైంది, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఖాళీ తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నీళ్ళు లేవు, చేపలు లేవు, వెనకాల రంగుకి మాత్రం వెయ్యి ఆలోచనలు. పోనీ నన్ను కూర్చోబెట్టండి అందులో, నేనైతే ఏ రంగుకైనా నప్పుతాను" అనేది. ఒకరోజు గొంతు తగ్గించి ఇంకోమాట అంది.

"వదినా, చెప్పకూడదు గానీ, అన్నయ్య రేవు మీద కూర్చుంటాడు చూడు, వాటం తేడాగా ఉంది. అందరూ సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. ఈయన వీపు సముద్రానికి పెట్టి ఊళ్ళో కిటికీలకేసి చూస్తుంటాడు. ఎవరి కిటికీయో కాస్త కనిపెట్టు."

"నీ మొహం. వయసొస్తే బుద్ధి కూడా రావాలి" అని పెరినా కసిరింది. మాటైతే కొట్టిపారేసింది గానీ, దిగులు ఇంకో పిసరు పెరిగింది.

ఆ వారంలోనే రియెకా రేవు నుంచి ఓడల ఏజెంటు ఫోన్ చేశాడు. ఏదో సరుకు ఓడలో చీఫ్ ఇంజనీరుకి జబ్బు చేసిందట. ఆరు నెలల పని. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఔననో కాదనో చెప్పాలి. బర్తుల్ ఫోన్ చెవికి పెట్టుకుని ఊఁ కొడుతూ, చివర్లో ఒక్కటే అడిగాడు. "ఆఖరికి ఎక్కడికొస్తుంది ఓడ? ప్లొచే రేవుకా?" ఔనని వినగానే ఆ ముఖం ఎలా వెలిగిందో పెరినా గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసింది. రెండేళ్ళుగా ఆ వెలుగు కోసమే ఆవిడ నోరు కుట్టుకుని ఎదురుచూసింది. చివరికి అది వచ్చింది, తన కోసం మాత్రం కాదు.

"వెళ్తావా?" అని అడిగింది ఆ రాత్రి భోజనం దగ్గర.

"చూద్దాం" అన్నాడు.

చూద్దాం అంటే వెళ్తాడనే. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మాటకి ఇంకో అర్థం ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు.

ఇక్కడ దుప్పటి సంగతి చెప్పాలి. ఎదురుగా ఉన్న దీవికీ మా ఒడ్డుకీ మధ్య సముద్రం ఇరుకు. ప్లొచే రేవుకి పోయే ఓడలు ఆ ఇరుకులోంచే పోవాలి. ఓడలో మా ఊరివాడుంటే మూడు కూతలు కూస్తుంది. ఆ కూత వినగానే ఆ ఇంటి ఇల్లాలు పెళ్ళినాటి తెల్ల దుప్పటి తీసుకుని సముద్రం వైపు కిటికీలోంచి ఊపాలి. ఆగే ఓడ కాదది, పోయే ఓడ. ఊపడం తప్ప ఇంకేం చెయ్యగలరు? ఎవరి దుప్పటి ఎంత తెల్లగా ఉందో ఊరంతా చూస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ పరుచుకోరు. పెట్టెలో దాస్తారు, నెలకోసారి ఉతుకుతారు. పెరినా దుప్పటి మా ఊళ్ళో పేరుమోసిన దుప్పటి. పొయ్యిమీద సార్డీను చేపలు మాడిపోయినా సరే, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా సరే, ఓడ దీవి మూల తిరిగి కనుమరుగయ్యేదాకా ఊపేది. బర్తుల్ ప్లొచే నుంచి ఫోన్ చేసినప్పుడు మొదటి మాట అదే. "కనపడిందా?" "కనపడింది." ఆ ఒక్క మాటతో ఆవిడ ఇంకో ఏడాది నెట్టుకొచ్చేది.

శుక్రవారం వచ్చింది. తెల్లారి కాఫీ తాగుతూ పెరినా ఒక నిర్ణయానికొచ్చింది. ఈ పూటే రంగు తేలాలి, ఈ పూటే డబ్బా మూత తియ్యాలి. ఒకసారి బ్రష్షు పట్టుకున్న మగవాడు పని సగంలో వదిలి ఓడెక్కడని ఆవిడ ఆశ. పిచ్చి ఆశే. అయినా చేతిలో వేరే ఆయుధం లేదు.

"లే. అట్టముక్కలతో తేలదిది. పెద్ద గుడ్డలు పట్టి చూద్దాం. నేను వెనకాల నిలబడి పట్టుకుంటాను, నువ్వు ముందు నుంచి చూసి చెప్పు" అంది.

హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేని వెడల్పాటి దారి ఉంది. తొట్టి దానికి ఎదురుగా ఉంది. పెరినా ఆ దారిలో, వంటింటి కిటికీకి వీపు పెట్టి నిలబడింది. బర్తుల్ ఇవతల సోఫా పక్కన నిలబడ్డాడు. ముందు అత్తగారి నల్ల పావడా పట్టింది. మామగారు పోయిన దగ్గర్నించీ అత్తగారు తను పోయేదాకా కట్టింది అదే.

"వద్దు వద్దు. అమ్మ నా వైపే చూస్తున్నట్టుంది" అన్నాడు బర్తుల్.

తరువాత ఆయన ఇంజను గది బట్టలే పట్టింది, వెలిసిన నీలం.

"ఇదీ నీలమే కదా. దీన్ని ఎందుకు చూడలేదు మనం?"

"దానికి నూనె మరకలున్నాయి."

"సముద్రంలో లేవా నూనె మరకలు? మీరు వదిలినవే."

ఆయన కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి ఉత్సాహమొచ్చి, నీలం బల్లగుడ్డ ఒకటుండాలని పెరినా పెట్టె తెరిచింది. బల్లగుడ్డ అడుగున ఎక్కడో ఉంది, పైన దుప్పటి ఉంది. గోడ మీద గడియారం పదకొండు దాటింది. వెతికే ఓపిక లేక దుప్పటే తీసుకొచ్చి రెండుచేతులా ఎత్తిపట్టింది.

"ఇక తెలుపొక్కటే మిగిలింది. వింకో చూశాడంటే గుండాగి పోతాడు. ఊఁ, చెప్పు. ఇదీ బాగాలేదను, అయిపోతుంది."

దుప్పటి అడ్డుగా ఉండి ఆవిడకి ఆయన కనపడలేదు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఊపు" అన్నాడు బర్తుల్.

"ఏమిటి?"

"ఒకసారి ఊపవే. అప్పట్లో ఎలా ఊపేదానివో, అలా."

సరదా పడుతున్నాడనుకుని పెరినా దుప్పటి కొసలు పట్టుకుని, పక్కకి జరిగి, తలమీదుగా అటూ ఇటూ ఊపింది. ఊపుతూ రెండు అద్దాల్లోంచి ఆయన వైపు చూసింది. బర్తుల్ ముందు అద్దానికి రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా లేదు.

"ఇలా ఉండేదా" అన్నాడు.

పెరినా చేతులు ఆగిపోయాయి. "ఉండేదా అంటావేమిటి? నువ్వు చూశావుగా."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇరుకులోంచి పోయేటప్పుడు చీఫ్ ఇంజనీరు కిందే ఉండాలి పెరినా. ఇంజను దగ్గర్నించి కదలకూడదు. ఒడ్డు దగ్గరైనకొద్దీ నేను అడుగునే ఉండాలి. అక్కడ కిటికీలుండవు. చీఫ్ కాకముందూ అంతే, ఎవరో ఒకరు ఉండాల్సిందే, ఎప్పుడూ నా వంతే వచ్చేది. పైనుంచి ఫోన్ చేసి చెప్పేవాళ్ళు, మీ ఆవిడ ఊపుతోందని. కెప్టెన్ చూశాడు. వంటవాడు చూశాడు. డెక్కు కడిగేవాళ్ళు చూశారు. ఒకసారి ఫిలిప్పీన్స్ వాడొకడు కిందికి దిగొచ్చి, నా తువ్వాలు లాక్కుని నువ్వెలా ఊపావో చేసి చూపించాడు. ఓడంతా నిన్ను చూసింది. నేను తప్ప."

పెరినా దుప్పటిని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. ఆ దుప్పటికి ఎంత సబ్బు, ఎంత ఎండ, ఎన్ని ఉతుకులు. జ్వరంతో కిటికీ పట్టుకుని నిలబడిన రోజు గుర్తొచ్చింది. కళ్ళల్లోకి ముందు కోపమే వచ్చింది.

"అయితే ఇన్నేళ్ళూ నేనెవరికి ఊపాను? మీ వంటవాడికా?"

ఆయన నుదురు కూడా అద్దానికి ఆనించాడు.

"కనపడిందా అని అడిగితే కనపడిందన్నావు. ప్రతిసారీ అన్నావు. ఆ మాట పట్టుకుని బతికాను నేను."

"మొదటిసారి అడిగినప్పుడు నీ గొంతు ఎలా ఉందో నీకు తెలీదు. కాదని ఎలా చెప్పను? ఆ తరువాత ఇక చెప్పే దారి లేకపోయింది."

"రేవు మీద కూర్చుని కిటికీలకేసి చూస్తున్నావట."

"మన కిటికీకేసి. అక్కణ్ణుంచి ఎంత ఉంటుందో అని. ఓడ మీంచయితే ఇంకా చిన్నగా ఉంటుంది." సోఫా మీది ఫోన్‌కేసి తల ఊపాడు. "ఈ ఓడ చివరికి ప్లొచేకే వస్తుందట. ఆ ఒక్క గంటా రెండో ఇంజనీరుని కింద పెట్టి, నన్ను పైకి పోనివ్వమని అడుగుదామనుకున్నాను."

"గంట కోసం ఆరు నెలలు పోతావా?"

"పోతాను."

"పిచ్చి మారాజా, మన పడవుంది కదయ్యా. వేసుకుని నాలుగు తెడ్లు వేస్తే ఇరుకు మధ్యలో ఉంటావు. నేను ఊపనా?"

"ఊళ్ళో ఉన్నవాడికి ఎవరే ఊపేది? ఎక్కణ్ణించో రావాలి. అందరు మగవాళ్ళూ అలాగే వచ్చారు. నేను బస్సులో వచ్చాను. ఆఖరిసారి కూడా విమానం దిగి, స్ప్లిట్ బస్సెక్కి, పెట్టె ఈడ్చుకుంటూ వచ్చాను. నువ్వు మార్కెట్‌కి వెళ్ళావు. తాళంచెవి పూలకుండీ కింద ఉంది. తీసుకుని లోపలికొచ్చి కూర్చున్నాను. అప్పట్నుంచీ అలానే కూర్చుని ఉన్నాను."

సవతి, సవతి అని పెరినా ఇన్నేళ్ళు తిట్టిపోసిన సముద్రాన్ని ఈ మనిషి సరిగ్గా చూసినవాడు కాడు. దాని రంగేమిటో తెలియక తననే అడిగాడు. తను ఇక్కడ కిటికీలో నిలబడి సముద్రం వైపు చూస్తుంటే, ఆయన దాని అడుగున కూర్చుని ఈ కిటికీ కోసం అలమటించాడు. ఇద్దరి కోరికా ఒకటే, మధ్యన ఒక్క ఇనప రేకు. కోపం పూర్తిగా పోలేదు గానీ, అది పక్కకి జరిగి దారిచ్చింది. ముక్కు ఎగబీల్చి, దుప్పటిని ఒక్క దులుపు దులిపింది.

"ఎక్కణ్ణించి వస్తోంది ఓడ?" అని అడిగింది.

"ఏ ఓడ?"

"నీ ఓడే. ఏ రేవు నుంచి? చెప్పు."

బర్తుల్ తెల్లమొహం వేశాడు. తరువాత నెమ్మదిగా, "శాంతోస్ నుంచి" అన్నాడు.

"సరుకేమిటి?"

"సోయా గింజలు."

"అయితే కుయ్యి. కూత లేకుండా మా ఊళ్ళో ఎవరికీ ఊపరు."

ఆ పెద్దమనిషి ఒకసారి అటూ ఇటూ చూశాడు. తరువాత అద్దం మీంచి చేతులు తియ్యకుండానే గుండెనిండా గాలి తీసుకుని కూశాడు. మొదటి కూత బాగానే వచ్చింది. రెండోది ఇల్లు అదిరిపోయేలా వచ్చింది. మూడోది మధ్యలోనే విరిగిపోయింది. పక్కింట్లో కిటికీ తలుపు దడాలున తెరుచుకుంది.

"వదినా, ఎవరి ఓడ వస్తోంది?" అని యేలా అరిచింది.

"మా ఆయనది" అంది పెరినా, దుప్పటి ఎత్తి ఊపుతూ.

ఊపింది. ఎముకలు ముదిరిన చేతులు, మునుపటి జోరు లేదు. అయినా ఏ కూతకీ అంత మనసుపెట్టి ఊపలేదు. బర్తుల్ కన్నార్పకుండా చూస్తున్నాడు. ఖాళీ తొట్టి, దాని వెనక తెల్ల దుప్పటి, దుప్పటి పక్కన నెరిసిన జుట్టు, ఆ వెనక వంటింటి కిటికీ, కిటికీలో ఇరుకు.

సోఫా మీద ఫోన్ మోగింది. పన్నెండు కావస్తోంది, ఫోన్ చేసేది ఎవరో ఇద్దరికీ తెలుసు. బర్తుల్ తల తిప్పకుండా చేత్తో తడిమి ఫోన్ తీశాడు. పెరినా ఊపడం ఆపలేదు.

"నేను రాలేనండీ" అన్నాడు ఫోన్‌లో. "లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లో ఒక తొట్టి పెడుతున్నాం. వెనక అద్దానికి రంగు వెయ్యట్లేదు, ఉట్టిదే ఉంచుతున్నాం. దాన్ని వారం వారం గీకాలట, మనిషి లేకపోతే గోడ లేచిపోతుందట. అవునండీ, అద్దమే. వేరేవాణ్ణి చూసుకోండి."

ఫోన్ సోఫా మీదికి విసిరేశాడు. మళ్ళీ రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు.

"చేతులు లాగేస్తున్నాయి" అంది పెరినా. "దించనా?"

"ఇంకాస్సేపు ఉంచవే" అన్నాడు. "ఓడ ఇంకా దీవి మూల తిరగలేదు."